పారేసే ముందు ప్లగ్గు విప్పండి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్ల మధ్య ఒక మాట సిద్ధాంతంలా పాతుకుపోయింది. పాత లాన్ మోవర్ మొరాయిస్తే దాని జోలికి పోకు, చెత్తబండి వచ్చే రోజున రోడ్డు పక్కన పెట్టేసి కొత్తది తెచ్చుకో. ఈ మాట చెప్పేవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. లక్షల లైన్ల ప్రోగ్రాములో తప్పు ఏ మూల దాగిందో ఓపిగ్గా వెతికి పట్టుకునేవాళ్లు. ఏది ఆగిపోయినా ముందు కారణం కనుక్కోవాలి, నిర్ణయం ఆ తర్వాతేనని ఆఫీసులో కుర్రాళ్లకు నేర్పేవాళ్లు. ఒకే ఒక్క సిలిండరున్న ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతంతా వదిలేస్తారు. నాలుగుసార్లు తాడు లాగుతారు, అంటుకోకపోతే ‘ఇంజన్ పోయింది’ అంటారు.

నా అభ్యంతరం అక్కడే. కొత్తది కొనడం తప్పని నేననను. రోగమేమిటో చూడకుండా తీర్పు చెప్పడం తప్పంటాను. ఆ తీర్పుకు దన్నుగా ఎన్నో కారణాలు చెబుతారు. మన టైము విలువైనదంటారు. ఇప్పటి మిషన్లు ఇంట్లో బాగుపడవంటారు. బ్లేడుతో చెలగాటమేమిటంటారు. పాత పెట్రోలు ఇంజన్లు గాలిని పాడుచేస్తున్నాయంటారు. వీటిలో నిజం లేకపోలేదు. ఆ నిజాన్ని ఒప్పుకుంటూనే చెబుతున్నాను: ఇవన్నీ కలిసినా, విప్పి చూడకుండా పారేయడాన్ని సమర్థించలేవు.

ముందు అసలు మోవర్ ఎందుకు ఆగుతుందో చూద్దాం. డల్లాస్ చుట్టుపక్కల మార్చిలో మొదలుపెట్టి నవంబరు దాకా గడ్డి కోస్తాం. చివరిసారి కోసి గరాజ్‌లో ఓ మూలకు నెట్టేశాక మూడు నాలుగు నెలలు దాని వంక చూడం. ట్యాంకులో మిగిలిన పెట్రోలు అలాగే ఉండిపోతుంది. ఇక్కడి బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. అలా చేరిన నీరు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీరూ జతకట్టి, పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. కార్బురేటర్ గిన్నెలో ఇంజన్ పెట్రోలు తోడుకునేది కూడా ఆ అడుగునుంచే. మరోపక్క పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలినది జిగురు కడుతుంది. గిన్నెలోంచి ఇంజన్‌కు పెట్రోలు పోయే ఇత్తడి జెట్‌కు చిలుము పడుతుంది. గిన్నె లోపల తుప్పో తెల్లటి పొడో పేరుకుంటుంది. మెయిన్ జెట్ రంధ్రం వెడల్పు చాలా మోవర్లలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని మూసేయడానికి ఆవగింజంత మడ్డి కూడా అక్కర్లేదు.

పెట్రోలు 30 రోజుల్లోనే పాతబడగలదని బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ లాంటి ఇంజన్ తయారీదారులే చెబుతారు. మనం దాన్ని నాలుగు నెలలు నిలవబెట్టి, మార్చిలో తాడు లాగి, ఇంజన్‌ను తప్పుపడతాం.

ఆ ఇంజన్ తన బాధ చాలా స్పష్టంగా చెబుతుంది. ప్రైమర్ బుడ్డి నొక్కి తాడు లాగితే అంటుకుని, నాలుగైదు సెకన్లు నడిచి ఆగిపోయిందనుకోండి. నొక్కినప్పుడు లోపలికి వెళ్లిన పెట్రోలు కాలింది, ఆ తర్వాత జెట్ నుంచి రావలసింది రాలేదు. అంటే స్పార్క్ ఉంది, కంప్రెషన్ ఉంది, టైమింగ్ కుదిరింది. మనం ‘ఇంజన్ పోయింది’ అంటున్న ఆ క్షణంలోనే అది తాను బాగానే ఉన్నానని రుజువు చూపిస్తోంది. పది పదిహేను నిమిషాలు శుభ్రంగా కోసి ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ నడిచిందనుకోండి. ట్యాంకు మూతలో గాలి ఆడే సన్నటి దారి మూసుకుపోయి ఉండవచ్చు. పెట్రోలు దిగిన కొద్దీ పైన గాలి చేరక లోపల శూన్యం ఏర్పడుతుంది, పెట్రోలు దిగడం ఆగిపోతుంది. ఆగిన వెంటనే మూత కాస్త వదులు చేసి చూస్తే తెలిసిపోతుంది. మూత వదులు చేసినా తేడా లేకపోతే అప్పుడు వేడెక్కగానే పనిమానేసే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి. నల్లటి పొగ వస్తుంటే గాలి అందడం లేదు, ఫిల్టరు తీసి చూడాలి. తెల్లటి పొగ మబ్బులా కమ్మితే చాలాసార్లు కారణం బ్లేడు చూడటానికి మిషన్‌ను తప్పుడు వైపు వంచడమే. కార్బురేటర్ కిందికి వచ్చేలా పడుకోబెడితే ఆయిల్ ఫిల్టరులోకి, సిలిండరులోకి చేరుతుంది. ఆ ఆయిల్ కాలిపోయేదాకా పొగ వచ్చి ఆగిపోతుంది. దీనికి కూడా కొత్త మోవర్ కొన్నవాళ్లున్నారు. ఎంత అన్యాయం!

కార్బురేటర్ శుభ్రం చేయడం గురించి మనవాళ్లలో ఉన్న భయం ఆ పనికి తగినది కాదు. ట్యాంకు ఖాళీ చేయాలి. గిన్నె కింద ఒకే బోల్టు ఉంటుంది, కొన్ని మోడళ్లలో ఆ బోల్టే జెట్. దాన్ని విప్పితే గిన్నె ఊడి వస్తుంది. ఫ్లోటు, దాని సూది, రబ్బరు గాస్కెట్ కనిపిస్తాయి. జెట్ రంధ్రాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే గుండ్రటి వెలుగు కనిపించాలి. కనిపించకపోతే దొంగ దొరికినట్టే. కార్బురేటర్ క్లీనర్ కొట్టి, మెత్తని రాగి తీగ పోగుతో నెమ్మదిగా పొడవాలి. ఉక్కు సూది పెట్టి గెలకకూడదు, రంధ్రం పెద్దదైతే పెట్రోలు పాలు మారిపోతుంది. పాత బ్రిగ్స్ ఇంజన్లు కొన్నింటికి గిన్నే ఉండదు. ట్యాంకు మీదే కార్బురేటర్ కూర్చుంటుంది, మధ్యలో పలచటి డయాఫ్రమ్ ఉంటుంది. అది బిరుసెక్కితే పెట్రోలు పైకి రాదు. కొత్త డయాఫ్రమ్ కొద్ది డాలర్ల వస్తువు. ఇవేవీ కుదరకపోతే చాలా మామూలు మోడళ్లకు కార్బురేటరు మొత్తమే 20 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. రెండు మూడు బోల్టులు, ఒక పైపు, గవర్నర్ స్ప్రింగు. విప్పే ముందు స్ప్రింగు ఏ రంధ్రంలో ఉందో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడుముకోనక్కర్లేదు.

‘ఇదంతా ఎందుకు, కొత్తది కొంటే పోలా’ అనేవాళ్లకు నా మొదటి జవాబు ఇది. కొత్త మోవర్ కూడా అదే బంకు పెట్రోలు తాగుతుంది. వచ్చే నవంబరులో అదే మూలలో, అదే ట్యాంకు నిండా అదే ఇథనాల్‌తో నిలబడుతుంది. దాని జెట్ కూడా అంతే సన్నం. రోగం మిషన్‌ది కాదు, నిలవపెట్టే పద్ధతిది. మిషన్ మార్చినంత మాత్రాన పద్ధతి మారదు. నాలుగైదు వందల డాలర్లు పోసి ఇంకో చలికాలం గడువు కొనుక్కుంటున్నారు, అంతే. నవంబరులో చివరి కోత తర్వాత ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలినది కూడా అయిపోయి ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపితే సరిపోయేది. లేదా తాజా పెట్రోలులోనే స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కాసేపు నడిపినా సరిపోయేది. ఇథనాల్ లేని పెట్రోలు డబ్బాల్లో దొరుకుతుంది, ఖరీదెక్కువే అయినా ఏడాదిలో చివరి ట్యాంకుకు పోస్తే చాలు. ఇంకొక్క మాట. బంకులో చవకని 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు పోసేవాళ్లున్నారు. లాన్ మోవర్లలో దాన్ని వాడటాన్ని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ నిషేధించింది.

ఈ సంగతి ఊళ్లో ఉన్నవాళ్లకూ ఇప్పుడు అవసరమే. మన దేశంలో బంకులు దాదాపు అన్నీ 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు మారాయి. కొబ్బరితోటల్లో వాడే బ్రష్ కట్టర్లు, మిరప, పత్తి చేలల్లో తిరిగే తైవాన్ స్ప్రేయర్లు ఒక సీజను పనిచేసి, తర్వాత నెలల తరబడి కొట్టంలో పడుంటాయి. వాటి కార్బురేటర్లు ఇంకా సన్నవి. ఆ రైతుకు కూడా ‘మిషన్ పోయింది, కొత్తది తీసుకో’ అని ఎవరైనా చెబితే, ముందు ట్యాంకులో పెట్రోలు ఎప్పటిదో అడగమని నా మనవి.

ఇక టైము విలువ. అందరూ గొప్పగా చెప్పే లెక్క ఇది: ‘గంటకు 70 డాలర్లు సంపాదించేవాడివి. మూడు గంటలు దానితో కుస్తీ పడితే 210 డాలర్లు పోయినట్టు. ఇంకో 200 వేస్తే కొత్తదే వస్తుంది.’ వినడానికి గట్టిగా ఉన్నా ఈ లెక్క మొదటి అంకెలోనే తప్పు. శనివారం మధ్యాహ్నం ఆ 70 డాలర్లు ఎవరిస్తున్నారు? నెల జీతం మీద పనిచేసేవాడికి శనివారం మోవర్ విప్పినా, సోఫాలో పడుకున్నా అదే జీతం. మనవాళ్లలో ఎంతోమంది హెచ్-1బీ వీసా మీద ఉన్నారు. పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప బయట ఇంకెవరికీ పనిచేసి డబ్బు తీసుకోవడానికి ఆ వీసా ఒప్పుకోదు. శనివారం గంటను అమ్ముకునే హక్కే లేనివాడు దానికి 70 డాలర్ల ధర కట్టి, ఆ ధర పోయిందని బాధపడుతున్నాడు. పోనీ లెక్క కట్టేవాళ్లు రెండోవైపు కూడా కడుతున్నారా? ఏ మోడల్ కొనాలో రాత్రిళ్లు చదివిన గంటలు, షాపుకు పోయిరావడం, కారులో పట్టక వెనక సీట్లు మడవడం, పెట్టె విప్పి హ్యాండిల్ బిగించి ఆయిల్ పోయడం, పాతదాన్ని వదిలించుకోవడం, ఇవి గంటలు కావా?

పాతదాన్ని రోడ్డు పక్కన పెట్టారు కదా, అది ఎక్కడికి పోతుందో గమనించండి. చెత్తబండి వచ్చేలోపే చాలాసార్లు ఒక పికప్ ట్రక్కు ఆగుతుంది. ఆ మనిషి దాన్ని ఎక్కించుకుని పోతాడు. పాత పెట్రోలు పారబోసి, జెట్ శుభ్రం చేసి, ప్లగ్గు మార్చి, బ్లేడు సానపట్టి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మకానికి పెడతాడు. నాకు అతని మీద గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. మిషన్ విలువ ఎంతో అతనికి తెలుసు. పారేసినవాడు దాన్ని సున్నా అనుకున్నాడు. సున్నా విలువైన వస్తువు చుట్టూ ఒక మనిషి బతుకుతెరువు ఏర్పడదు.

నిజంగా తీరిక లేనివాళ్లుంటారు. చంటిపిల్లలున్న ఇళ్లు, నడుంనొప్పి మనుషులు, రెండు ఉద్యోగాల దంపతులు. వాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లు కూడా దాన్ని చెత్తలో కలపకుండా ‘నడవడం లేదు, కావలసినవారు తీసుకోవచ్చు’ అని ఒక చీటీ అంటిస్తే చాలు.

రెండో మాట, ఇప్పటి మిషన్లు ఇంట్లో బాగుపడవన్నది. ఫోన్ల విషయంలో, కార్ల విషయంలో ఈ మాటకు అర్థముంది. తోసుకుంటూ నడిపే మామూలు పెట్రోలు మోవర్ విషయంలో లేదు. అందులో కంప్యూటర్ లేదు. తాడుతో లాగేవాటిలో బ్యాటరీ కూడా లేదు. ఫ్లైవీల్‌లో అమర్చిన అయస్కాంతాలు కాయిల్ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు పుట్టే కరెంటే ప్లగ్గు కొనన మెరుస్తుంది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ 1953లో తెచ్చిన తేలికపాటి అల్యూమినియం ఇంజన్‌కూ, నిన్న షాపులో కొన్న మోవర్‌కూ మధ్య మెరుగులు చాలానే వచ్చాయి. పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది, వాల్వులు సిలిండరు పక్కనుంచి తల మీదికి మారాయి. పెట్రోలు, గాలి, స్పార్క్, కంప్రెషన్ అన్న నాలుగు ప్రశ్నలు మాత్రం అవే.

విడిభాగాలు దొరకవన్న మాటా నిలవదు. బ్రిగ్స్ ఇంజన్ పైన రేకు మీద మోడల్, టైప్, కోడ్ అని మూడు నంబర్లు కొట్టి ఉంటాయి. మోడల్ నంబరు మొదట్లో ఉన్న అంకెలు ఇంజన్ పరిమాణాన్ని ఘనపు అంగుళాల్లో చెబుతాయి. కోడ్ మొదటి ఆరు అంకెలు ఏడాది, నెల, తేదీ. అంటే ఆ ఇంజన్ ఏ రోజు తయారైందో దాని నుదుటి మీదే రాసి ఉంది. ఆ మూడు నంబర్లు చెబితే గాస్కెట్ దగ్గర్నుంచి గవర్నర్ స్ప్రింగు దాకా సరిపోయేది పంపిస్తారు. హోండా 2023లో పెట్రోలు మోవర్ల తయారీ ఆపేసింది, అయినా వాటి విడిభాగాలు దొరుకుతూనే ఉన్నాయి. కొత్తది విప్పితే వారంటీ పోతుందేమోనన్న భయమున్నవాళ్లు 1975 నుంచి అమల్లో ఉన్న మాగ్నుసన్-మాస్ చట్టం గురించి తెలుసుకోవాలి. బయట బాగుచేయించుకున్నారన్న ఒక్క కారణంతో, వేరే కంపెనీ విడిభాగం వాడారన్న ఒక్క కారణంతో వారంటీని రద్దుచేయడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. ‘ఈ స్టిక్కరు చిరిగితే వారంటీ చెల్లదు’ లాంటి షరతులు పెట్టిన కొన్ని కంపెనీలకు 2018లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ హెచ్చరిక లేఖలు కూడా పంపింది.

చూడకుండా చెప్పే తీర్పు ఎంత తప్పుగా ఉండగలదో మా వీధిలోనే చూశాను. ఒకాయన మోవర్ చెట్టు వేరుకు కొట్టుకుని టక్కున ఆగింది. మళ్లీ లాగితే తాడు చేతిలోంచి వెనక్కి లాక్కుంటోంది, ఒక్కోసారి ఢామ్మని శబ్దం. రిపేరు షాపుకు తీసుకెళ్తే, విప్పకుండానే, ‘లోపల విరిగి ఉంటుంది, దీని మీద డబ్బు పెట్టకండి’ అన్నారట. ఆ రోజుల్లో ఆయన తండ్రి తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. బజాజ్ స్కూటర్ మీద ఉద్యోగకాలమంతా తిరిగిన మనిషి. కొడుకు చెప్పింది విని, “ఏరా, వాళ్లు విప్పి చూసి చెప్పారా, చూడకుండానే చెప్పారా?” అని అడిగారు. “చూడలేదు నాన్నా” అన్నాడు కొడుకు. “వెనక్కి తంతోందంటే మాగ్నెట్ కీ తెగుంటుందిరా. స్కూటర్లకీ అంతే. పానా ఉందా ఇంట్లో?” అన్నారాయన. పానాలు, ఫ్లైవీల్ ఊడదీసే పుల్లరు నా దగ్గరుంటే తీసుకెళ్లాను. పైన రేకు తీసి, నట్టు విప్పి, ఫ్లైవీల్ ఎత్తితే ఆ పెద్దాయన చెప్పిందే నిజం. గాడిలో ఉండే చిన్న కీ సగానికి కోసుకుపోయి మెట్టులా తయారైంది.

ఆ కీ గురించి నాలుగు మాటలు చెప్పాలి. చూడకుండా పారేసే మోవర్లలో దీని వాటా తక్కువేమీ కాదని నా నమ్మకం. ఇంజన్ షాఫ్టు ఒక కొసన బ్లేడు, రెండో కొసన ఫ్లైవీల్ ఉంటాయి. బ్లేడు రాయికో వేరుకో తగిలితే షాఫ్టు ఒక్కసారిగా ఆగుతుంది, బరువైన ఫ్లైవీల్ ఇంకా తిరగాలని చూస్తుంది. ఆ దెబ్బకు మధ్యలో ఉన్న కీ నలుగుతుంది. దాన్ని కావాలనే మెత్తని లోహంతో చేస్తారు. కీ కాస్త కోసుకుపోయినా అయస్కాంతం కాయిల్ దగ్గరికి రావలసిన వేళకు రాదు. స్పార్క్ వస్తుంది, కానీ వేళ తప్పి వస్తుంది. ప్లగ్గు బాగుంటుంది, పెట్రోలు బాగుంటుంది, ఇంజన్ మాత్రం అంటుకోదు, లేదా వెనక్కి తంతుంది. కొత్త కీ ధర కొద్ది డాలర్లు. బిగించేటప్పుడు షాఫ్టు ఏటవాలు భాగాన్ని శుభ్రంగా తుడిచి, ఫ్లైవీల్ నట్టును తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య సందు చాలా ఇంజన్లలో అంగుళంలో వెయ్యో వంతులు 10 నుంచి 14. అక్కడ విజిటింగ్ కార్డు పెట్టి బిగించే అలవాటు అందరికీ తెలిసిందే. దెబ్బతిన్న బ్లేడు మాత్రం మళ్లీ వాడకూడదు. ఆ పాత మోవర్ ఈ ఏడాది కూడా మా వీధిలో గడ్డి కోస్తోంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఏ మేస్త్రీ అయినా ఇంజన్ విప్పకముందు ‘ఇది పనికిరాదు’ అంటే అతని దగ్గరికి రెండోసారి ఎవరూ పోరు. అక్కడినుంచి వచ్చిన మనం ఇక్కడ ‘విప్పి చూశారా’ అని అడగడాన్ని ఎందుకు మరిచిపోవాలి?

ఇక ప్రమాదం మాట. ఇందులో నేను ఎవరితోనూ వాదించను, ఇది పూర్తిగా నిజం. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 సార్లు తిరిగితే దాని కొన గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అందుకే 1982 మధ్య నుంచి తయారైన, మనిషి వెనక నడుస్తూ వాడే మోవర్లన్నింటిలో హ్యాండిల్ మీద కడ్డీ వదలగానే మూడు సెకన్లలోగా బ్లేడు ఆగాలని అమెరికా నిబంధన పెట్టింది. ఆ కడ్డీకి తాడు కట్టి నొక్కి ఉంచేవాళ్లను చూశాను. అది బాగుచేయడం కాదు, వేలు పోగొట్టుకోవడానికి సిద్ధపడటం. అయితే ఈ భయం రిపేరుకు వ్యతిరేకంగా చెప్పే వాదన కాదు, రిపేరులో పాటించవలసిన వరసను చెప్పే వాదన. మొదటి పని ప్లగ్గు వైరు ఊడదీసి దూరంగా కట్టేయడం. అది ఊడితే చేత్తో బ్లేడు తిప్పినా ఇంజన్ అంటుకోదు. ఆ తర్వాత ట్యాంకు ఖాళీ చేయాలి, కార్బురేటర్ పైకి ఉండేలా వంచాలి, బ్లేడు తిరగకుండా చెక్కముక్క అడ్డుపెట్టి బోల్టు విప్పాలి, చేతికి మందమైన తొడుగు ఉండాలి. పెట్రోలు పని గరాజ్ తలుపు తెరిచి, గ్యాస్ హీటరుకు దూరంగా చేయాలి. స్పార్క్ చూడటానికి ప్లగ్గును చేత్తో పట్టుకోకూడదు, చవకగా దొరికే టెస్టరు వాడాలి. పైగా పట్టించుకోని మోవరే ఎక్కువ ప్రమాదకరం. పగుళ్లిచ్చిన బ్లేడు, వదులైన బోల్టు, సాగిపోయిన బ్రేకు కేబుల్ విప్పి చూసేవాడి కంట పడతాయి. ఏడాదికోసారి కూడా వంచి చూడనివాడికి అవి ఎప్పుడు తెలుస్తాయి?

అన్నింటిలో బరువైన వాదన గాలికి సంబంధించినది. దాన్ని తేలిగ్గా తీసేయలేను. కాంట్రాక్టర్లు వాడే పెట్రోలు మోవర్ ఒక గంట నడిస్తే, పొగమంచులాంటి కాలుష్యాన్ని పుట్టించే వాయువుల విషయంలో, 2017 మోడల్ టయోటా క్యామ్రీలో 300 మైళ్లు పోయినంతని కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు చెబుతోంది. ఆ రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 నుంచి కొత్తగా తయారయ్యే ఇలాంటి చిన్న పెట్రోలు ఇంజన్ల అమ్మకాలకు తెరవేసింది. నేను ఈ చట్టాన్ని సమర్థిస్తాను. కొత్తగా కొనవలసివస్తే, చిన్న పెరడున్నవాళ్లు బ్యాటరీదే కొనాలంటాను.

కానీ ‘గాలి కోసం’ పాతది రోడ్డు పక్కన పెట్టామనేవాళ్లు రెండు విషయాలు ఆలోచించాలి. వాళ్లలో ఎక్కువమంది దాని స్థానంలో తెచ్చుకుంటున్నది ఇంకో పెట్రోలు మోవరే. వాళ్లు పారేసింది వేరే పెరట్లో నడుస్తోంది. ఒక ఇంజన్ ఉన్నచోట రెండు ఇంజన్లయ్యాయి. ఇక ఇంట్లో వాడే మోవర్ వారానికి అరగంటో ముప్పావుగంటో నడుస్తుంది. ఆ అరగంటలో అది ఎంత పాడుచేస్తుందన్నది చాలావరకు దాని స్థితి మీద ఆధారపడుతుంది. మూసుకుపోయిన ఫిల్టరుతో నడిచే ఇంజన్ పెట్రోలును సగం కాల్చి సగం కక్కుతుంది. మొద్దుబారిన బ్లేడు అదే గడ్డిని రెండుసార్లు కోయిస్తుంది. ఫిల్టరు, ప్లగ్గు, ఆయిల్, సానపట్టిన బ్లేడు అన్నవి గాలికి కూడా మేలుచేసే పనులే. కాలిఫోర్నియా చట్టం సైతం ఉన్నవాటిని పారేయమనలేదు, వాడుకోవచ్చంది, బాగుచేసుకోవచ్చంది.

పారేయవలసిన మోవర్లు ఉండవా? ఉంటాయి. కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజన్ గోడకు కన్నం పడితే దాని పని అయిపోయింది. బ్లేడు చుట్టూ ఉండే డెక్కు చేత్తో నొక్కితే విరిగేంత తుప్పు పట్టినా అంతే, రాళ్లు ఎగిరి కాళ్లకు తగులుతాయి. షాఫ్టు వంగిందేమో చూడటానికి బ్లేడు ఒక కొనను డెక్కు అంచు దగ్గర పెట్టి గుర్తుపెట్టుకుని, సగం తిప్పి రెండో కొన అదే ఎత్తులో వస్తుందో లేదో చూడాలి. తేడా ఉంటే ముందు కొత్త బ్లేడు వేసి మళ్లీ చూడాలి. అప్పటికీ తేడా ఉంటే షాఫ్టే వంగింది. సుత్తితో కొట్టి సరిచేస్తామనేవాళ్ల మాట వినకండి. ఆయిల్ లేకుండా నడిపి సిలిండరు గీతలు పడి కంప్రెషన్ పోయినదాన్ని కూడా నేను వదిలేయమనే చెబుతాను. ఈ నాలుగింటిలో ఏదైనా కనిపిస్తే నిస్సంకోచంగా పారేయండి, ఇనుప సామాన్లవాళ్లకిచ్చేయండి. అయితే ఈ నాలుగూ విప్పి చూసినవాడికే తెలుస్తాయి.

బ్యాటరీ మోవర్లతో ఈ గొడవంతా పోతుందని కొందరు అంటున్నారు. పెట్రోలు గొడవ పోతుంది, నిజమే. కార్బురేటర్ ఉండదు, ఫిల్టరు ఉండదు. కానీ బాగుచేసుకోవడం అన్న ప్రశ్న పోదు, ఇంకా పదునెక్కుతుంది. ఆ మిషన్ విలువలో పెద్ద భాగం బ్యాటరీ ప్యాక్. కొన్నేళ్లకు దాని సత్తువ తగ్గక తప్పదు. అప్పటికి కంపెనీ అదే ఆకారంలో, అదే వోల్టేజిలో ప్యాక్ చేస్తుండాలి, లేదంటే మోటారు చెక్కుచెదరకున్నా మిషన్ మొత్తం చెత్తే. ఫ్రాన్స్ ఈ సంగతిని ముందే పట్టుకుంది. 2021 జనవరిలో అక్కడ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మిషన్లతో పాటు కరెంటుతో నడిచే లాన్ మోవర్ల మీద కూడా, ఎంత సులువుగా బాగుచేయవచ్చో పదికి మార్కులు వేసి అంటించాలన్న నిబంధన వచ్చింది. విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి, వాటి ధర ఎంత, విప్పడం ఎంత సులువు అన్నవన్నీ ఆ మార్కుల్లోకి వస్తాయి. అమెరికాలో అలాంటి చీటీ లేదు కాబట్టి ఆ ప్రశ్నలు మనమే అడగాలి. ప్యాక్ విడిగా ఎంత? ఇదే ప్యాక్ కంపెనీ మిగతా మిషన్లకూ సరిపోతుందా? హ్యాండిల్ దగ్గరి స్విచ్ పాడైతే విడిగా అమ్ముతారా? విడిభాగాల బొమ్మ, నంబర్లు చూపిస్తారా? షాపులో ఎవరూ వీటికి జవాబు చెప్పలేకపోతే, పెట్టె మీద ఎంత తగ్గింపు రాసి ఉన్నా ఆ మోవర్‌ను అక్కడే వదిలేసి రండి.